క్రౌర్యమును జూచిన కన్ను

క్రౌర్యమును గన్నులారఁ జూచినవాఁడు మాఱక మానఁడని లోకమునందొక నమ్మకము గలదు. మన పురాణములును, మతస్థాపకుల చరిత్రములును, సంస్కర్తల జీవితములును ఈ నమ్మకమునకే సాక్ష్యము పలుకుచున్నట్లు కనఁబడును. వేఁటకాని బాణమునకుఁ గూలిన క్రౌంచపక్షిని జూచిన శోకముననుండి యాదికావ్యము పుట్టెనని చిన్ననాఁటనే వింటిమి. బాణము వేసినవాఁడును బోయయే, కన్నీరు విడిచినవాఁడును పూర్వాశ్రమమున బోయయే యని పెద్దలు చెప్పుదురు. పక్షి యొక్కటే, బాణ మొక్కటే. ఒకఁడు కవి యయ్యెను. రెండవవాఁడు శాపము విని తల గోఁకికొని, పక్షిని సంచిలో వేసికొని యింటికిఁ బోయి యుండును. ఈ రెండవవానిని గూర్చి యెవరును ఆలోచింపరు. మేము వానిని మఱవకుండఁ గొంత విచారింపఁ దలఁచితిమి. ఏలయన మేమును జాలకాలము వాని కులమువారమే.

సోంపేట పేరు వహించి కంచిలిలో నిలిచియున్న రైలు స్టేషనునందు దిగి తూర్పుగా సముద్రమువైపు నడచినవారు ఉద్దానమును జూచియే యుందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస యొకదానినొకటి యొరసికొని పెరుగు సీమ యది; ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని యిచ్చటివారు చెప్పుకొందురు. కొన్నేండ్ల క్రిందట నొక వేసవి మధ్యాహ్నమున నట్టి తోఁటలో నొక పండ్రెండేండ్ల బాలుని కొబ్బరిచెట్టునకుఁ గట్టి యుండఁగాఁ జూచితిమి. నాలుగు కాయలు దొంగిలించెనఁట. తోఁటవాఁడు పచ్చిమట్టతోఁ గొట్టుచుండెను. చుట్టును ఇరువదిమంది నిలిచి యుండిరి. మేమును నిలిచితిమి. మా చేతిలో గొడుగు గలదు. నోట మాట గలదు. ఆ యూర మాకుఁ గొంత మర్యాదయుఁ గలదు. మూఁడింటిలో నొకదానినైనను వినియోగింపలేదు. అప్పుడు నీళ్లబిందె నెత్తిఁ బెట్టుకొని యా త్రోవను బోవుచున్న యొక స్త్రీ బిందె దింపి, గుంపును ద్రోసికొని వచ్చి, బాలుని కట్టు విప్పి, దోసిట నీరు పోసెను. తోఁటవాఁడు తిట్టెను. ఆమె బదులాడలేదు. ఇరువదిమందియు నెవరి త్రోవను వారు పోయిరి.

ఆ రాత్రి మాకు నిదురపట్టలేదని వ్రాసినచోఁ బాఠకులు సంతోషింతురు. నిజమునకు నిదురపోతిమి. మఱునాఁడు మా పనులు మేము చేసికొంటిమి. ఆ దృశ్యము మా జీవితమును మార్చలేదు. కన్నులారఁ జూచితిమి గదా, యేల మార్పలేదు? ఈ ప్రశ్న మాత్రము ముల్లువలె నిలిచి, చాలకాలమునకుఁ గాని నొప్పి పెట్టలేదు.

మన సమాజపు పెద్దల చరిత్రములలో నీ ప్రశ్నకు సుళువైన సమాధానము లేదు. రాజా రామమోహనరాయలు తన వదినె సహగమనము చేయుట కన్నులారఁ జూచి, యా దురాచారమును రూపుమాపుదునని యచ్చటనే ప్రతిజ్ఞ పట్టెనని మన సమాజమందిరములలోఁ దఱచుగాఁ జెప్పుదురు. కథ హృదయంగమమైనది. కాని యా కాలమున నాయన దూరముననున్న రంగపురమునఁ గొలువు చేయుచుండెననియు, ఆ చితి చెంత నుండుట సంశయమనియుఁ బరిశోధకులు చెప్పుచున్నారు. అన్నగారి మరణము 1812 ప్రాంతమునఁ జరిగినది. సహగమనమును ఖండించుచు సంవాదరూపమున నాయన ప్రకటించిన మొదటి పుస్తకము 1818 నాఁటిది; రెండవది 1820 నాఁటిది. బెంటింకు ప్రభువు శాసనము 1829 డిసెంబరు 4వ తేదీది. ఒక్క చూపునఁ బుట్టిన ప్రతిజ్ఞగా నున్నచో నిన్ని సంవత్సరము లెందుకు? శ్మశానములకుఁ బోయి బంధువులను బ్రతిమాలుట, స్మృతులను దిరుగవేయుట, పండితులతో వాదించుట, తనవారిచే వెలివేయఁబడుట. ఇదియంతయు నొక నిమిషపు మెఱపు గాదు. పైఁగా, శాసనముచేత నొక్కుమ్మడి నిషేధించుట మేలు గాదని యాయన మొదట బెంటింకునకు సలహా యిచ్చిన మాటయు దాఁపవలసినది గాదు. శాసనము వచ్చిన పిమ్మట దాని కండగా సీమ కేగి, ప్రతిపక్షుల విన్నపము 1832లోఁ ద్రోసివేయఁబడు వఱకుఁ బాటుపడెను. రాయలవారి గొప్పతనము చూచుటలో లేదు. చూచినను జూడకున్నను, వదలిపెట్టకుండుటలోఁ గలదు.

ఇందులో మఱొక విశేషము గలదు. 1818లో వంగరాజధానియందు 839 సహగమనములు సర్కారు లెక్కల కెక్కినవి. ఒక్కొక్క చితి చుట్టును నూఱుమందియైనను నిలిచి చూచి యుందురు గదా! అనఁగా నొక్క సంవత్సరముననే యెనుబదివేలమందికిఁ దక్కువ గాకుండ నా మంటలను జూచిరి. వారిలో రామమోహనులు ఎందఱు? చూచినవారందఱును కఠినాత్ములని చెప్పవీలులేదు. ఇంటఁ బిల్లి చచ్చిననుఁ గన్నీరు పెట్టువారు వారిలో నెందఱో యుందురు. వారికిఁ గానవచ్చినది కాలుచున్న పదునాఱేండ్ల పిల్ల గాదు. వారికిఁ గానవచ్చినది "సహగమనము". ఆ మాట కంటికిని మంటకును నడుమఁ దెరవలె వ్రేలాడుచుండెను. మాకుఁ దోఁచినంతవఱకుఁ గ్రౌర్యమును గప్పునది దూరము గాదు, చీఁకటి గాదు. దానికిఁ బెట్టిన పేరు. తోఁటలో మేము చూచినదియు బాలుని గాదు, "దొంగ"ను.

కన్ను పేరును దాఁటి పోలేనపుడు విద్యయు, నాగరకతయు నక్కఱకు రావు. ఈ కంచిలికి ఉత్తరముననున్న గుంసూరు కొండలలో 1836 ప్రాంతమున దొరతనమువారి యుద్యోగులు ఖోందుల "మేరియా" నరబలిని గూర్చి తెలిసికొని నివ్వెఱపోయిరి. దాని నణఁచుటకై 1845లోఁ బ్రత్యేకముగా నొక యేజన్సీని నెలకొల్పి, వందలకొలఁది ప్రాణములను గాపాడిరి. అది మంచిపనియే, ఆ మేలును మేము కాదనము. కాని యా దినములలోనే, ఆ కొండలలోనే, గుంసూరు యుద్ధమున గ్రామములు తగులఁబెట్టఁబడినవి, మనుష్యులు ఉరిదీయఁబడిరి. అది చూచి నివ్వెఱపోయిన యుద్యోగి యొక్కఁడును లేఁడు. మొదటిదానిపేరు నరబలి. రెండవదానిపేరు శాంతిస్థాపనము.

ఇఁకఁ గళింగము సంగతి. ఈ తీరమున నివసించువారమైన మనకు దీనిని మించిన దృష్టాంతము వెదకినను దొరకదు. క్రీ. పూ. 261 ప్రాంతమున, పట్టాభిషేకమైన యెనిమిదేండ్లకు, అశోకుఁడు కళింగమును జయించెను. ఒక లక్ష యేఁబదివేలమంది చెఱగొనిపోఁబడిరనియు, లక్షమంది యచ్చటనే చంపఁబడిరనియు, అంతకుఁ బలురెట్లు నశించిరనియుఁ దన పదుమూఁడవ శిలాశాసనమునఁ దానే చెక్కించెను. ఆ లెక్కలు సరిగా నున్నవో లేవో మనకుఁ బని లేదు. ఒక రాజు తన గెలుపును నష్టమువలె లెక్కవేయుటయే వింత. ఆ శాసనమున మమ్ము మిక్కిలి నిలిపివేయు భాగము చచ్చినవారిని గూర్చినది గాదు. తమకు దెబ్బ తగులకపోయినను, తాము ప్రేమించు మిత్రులకు, బంధువులకు, తోడివారికిఁ గలిగిన యాపదచేత నొచ్చినవారిని గూర్చి యాతఁడు చెప్పును. గాయము తగులనివారికిఁ దగిలిన యా గాయమును యుద్ధమున గెలిచినవారిలో నెవఁడు లెక్కించును? అంతేకాదు. ఆ శాసనమంతయు నిజముగా నొక మాటను గూర్చిన తగవు. "విజయ"మను మాటను పట్టుకొని, యది విజయము గాదు, ధర్మముచేతఁ బొందునదియే విజయమని యాతఁడు వాదించును. పేరును మార్చుకొన్నాఁడు, కనుక కన్ను తెఱవఁబడినది. లేక కన్ను తెఱవఁబడినది కనుకఁ బేరు మాఱినదో? ఏది ముందో మేము తేల్పలేము.

అశోకుని మనస్తాపమును గూర్చి మన పాఠ్యపుస్తకములు చెప్పినంత తియ్యగా శాసనము చెప్పదు. చెఱగొనిపోయినవారిని మరలఁ బంపెనని యందు లేదు. కళింగమును గళింగులకే తిరిగి యిచ్చెననియు లేదు. అదే శాసనమున, అడవిజనులారా, పశ్చాత్తాపపడినను నాకు బలము గలదు సుఁడీ, తప్పు చేసినచోఁ జంపుదునని హెచ్చరికయుఁ గలదు. మరణదండనము నాతఁడెన్నఁడును రద్దుచేయలేదు; దండింపఁబడువారికి మూఁడు దినముల గడువు మాత్రమే యిచ్చెను. మనుష్యుఁడు మాఱుట యనఁగా నింతియే. ఒక ప్రక్క మాఱును. మఱొక ప్రక్కఁ బాతవాఁడుగనే యుండును. ఇది విని నిరుత్సాహపడువారు దేవతలను వెదకికొనవలయును.

వీనియన్నిటికంటె వింతయైనది యొకటి గలదు. గంజాము జిల్లాలో ఋషికుల్యానదీ తీరమున జౌగడయను చోట నశోకుని శాసనములు గల పెద్దబండ యున్నది. 1936 వఱకుఁ గంచిలియు జౌగడయు నొకే జిల్లాలోనివి. ఇప్పుడును ఇక్కడినుండి యొకదినములోఁ బోయి చూచి రాఁదగినది. ఆ బండమీఁద నీ పదుమూఁడవ శాసనము లేదు. ధౌళిలోను లేదు. కర్నూలు జిల్లా యెఱ్ఱగుడిలోఁ గలదు. ఎక్కడనో యఫ్గన్ దేశపు కాందహారమున గ్రీకుభాషలోఁ గూడ దాని భాగము దొరకినది. కళింగమునఁ జచ్చినవారి లెక్క గ్రీకులు చదువుకొనిరి, కళింగులు చదువుకొనలేదు. ఓడినవారి పుండు రేఁపకుండుటకై యిట్లు చేసెనని పండితులు కొందఱు చెప్పుదురు. కావచ్చును. కాని పశ్చాత్తాపమును ఊరూరఁ జాటి, యెవరికి హాని చేసితిమో వారియింటిముందు మాత్రము నోరు మెదపకుండుట మనకుఁ దెలియని విద్యయా? పంచములకుఁ జేసిన యన్యాయమును గూర్చి పట్టణపు సభలలోఁ గన్నీటితో నుపన్యసించి, తమ గ్రామపు మాలపల్లెవైపుఁ దొంగిచూడనివారిని మేమెఱుఁగుదుము. అద్దములోఁ గూడ నెఱుఁగుదుము.

అయినను ఆ బండమీఁద నేమున్నదో చూడవలయును. క్షమాపణము లేదు గాని, సమాపయను నగరమునందలి యుద్యోగులకు రాజు వ్రాసిన యుత్తరువులు రెండున్నవి. మనుష్యులందఱును నా బిడ్డలని చెప్పి, కారణము లేకుండ నొక్కఁడైనను జెఱఁబెట్టఁబడకూడదు, హింసింపఁబడకూడదు, ఇట్లు జరుగుచున్నది, మీరు చూచుచున్నారు, ఈర్ష్యయుఁ గోపమును గ్రౌర్యమును తొందరయు సోమరితనమును మీలో నున్నచో న్యాయము జరుగదని మందలించును. దీనిని బుష్యనక్షత్రమునఁ జదివి వినిపింపుఁడనును. అయిదేండ్ల కొకసారి తనిఖీకిఁ గఠినుఁడు గాని యుద్యోగిని బంపుదుననును. మాకు, పదుమూఁడవ శాసనముకంటె నీ తనిఖీ మాటయే గొప్పగాఁ దోఁచుచున్నది. ఎఱ్ఱగుడిలోఁ గన్నీరు, జౌగడలోఁ బని. చెఱసాలలో నిష్కారణముగాఁ బడియున్న కళింగునకు రెండవదే యుపయోగించి యుండును.

కంటఁబడిన క్రౌర్యము పని రూపము దాల్చుట యనఁగా నేమో మన తెలుగువారిలో గురజాడ అప్పారావుగారి కథ కొంత తెలుపును. కన్యాశుల్కము 1892లో మొదటఁ బ్రదర్శింపఁబడి 1897లో నచ్చుపడినది. ఆ పీఠికయందు, విశాఖపట్టణపు జిల్లా బ్రాహ్మణ కుటుంబములలో మూఁడేండ్లలో జరిగిన శుల్కవివాహములకు విజయనగర మహారాజుగారు తయారుచేయించిన పట్టిక ప్రస్తావింపఁబడినది. 1034 పెండ్లిండ్లు. అందు అయిదేండ్ల కన్యలు 99, నాలుగేండ్లవారు 44, మూఁడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆఱుగురు, ఏఁడాది శిశువులు ముగ్గురు. ఈ పెండ్లిండ్లలో నెన్నిటికో యా జిల్లాలోని పెద్దమనుష్యులు పోయి భోజనము చేసి తాంబూలము పుచ్చుకొని వచ్చి యుందురు. ప్రతియొక్కరును జూచిరి, ఎవరికిని గనఁబడలేదు. "కన్యాదాన"మను పేరు తెరవలె నుండెను. లెక్కవేసి, కాగితముపై వరుసగా వ్రాయఁగానే ఏఁడాది శిశువులు ముగ్గురును లేచి నిలిచిరి. చూపునకు సంఖ్యయుఁ గావలసి వచ్చినది. కంటితోఁ జూచుటయే గొప్పయని యనుకొను భావుకులు దీనిని గొంచె మాలోచింపవలయును.

కాని దీనికి విరుద్ధముగాఁ గూడ జరుగును. కొందఱకు సంఖ్యలతోను, సంవత్సరములతోను, స్మృతివాక్యములతోను బని లేదు. కంచిలికి సమీపముననే మందస జమీను గలదు. అనాదిగా రైతులు అడవినుండి తెచ్చుకొను కట్టెపుల్లలను జమీందారీ యధికారము నేరమని నిషేధించెను. 1940 మార్చి నెలాఖరున అఖిలభారత కిసాన్ మహాసభ పలాసలో జరిగి యింకను వారము నిండలేదు. ఏప్రిల్ 1వ తేదీన, అడవికఱ్ఱ తెచ్చిన రైతులను బట్టుకొనుటకై పోలీసులు గుడారి రాజమణిపురమునకు వచ్చిరి. తనవారిని గొట్టి తీసికొనిపోవుట చూచి, సాసుమాన గున్నమ్మయను రైతుస్త్రీ ముందున కడుగు వేసి త్రోవ కడ్డుపడెను. తుపాకులు పేలినవి. ఆమెయు, మఱికొందఱును గూలిరి. ఆమె జీవితమునకు మలుపును ముగింపును నొకే ఘడియలోఁ గలిగినవి. జమీందారీలు చట్టముచేత రద్దగుటకు 1948 వఱకు నాగవలసి వచ్చినది. గున్నమ్మ బడికిఁ బోయి యుండలేదు. చదువుకొన్నవాఁడు క్రౌర్యమును జూచినపుడు మొదట దాని పూర్వాపరములు విచారించును, పిదప రెండు పక్షములను దూఁచును, పిదప సూర్యుఁ డస్తమించును. ఈ మాట మేము విద్యను నిందించుటకుఁ జెప్పుట లేదు. మా గొడుగును దలఁచుకొని చెప్పుచున్నాము.

ఇంతవఱకును దయవైపు మఱలినవారిని గూర్చియే ముచ్చటించితిమి. క్రౌర్యదర్శనము మనుష్యుని మార్చిన యెడల దయవైపే మార్చునని యెవరు పూచీపడిరి? మా శ్రీకాకుళపు జిల్లాలో నీ ప్రశ్న పుస్తకములది గాదు, ఇంటిది. పార్వతీపురపు మన్యమున వెట్టియు, వడ్డీయు, భూములపహరించుటయుఁ జూచి, యుపాధ్యాయులైన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము గిరిజనుల సంఘమును గట్టిరి. చాలకాలము వారి పని సభలు, విన్నపములు, కూలి పెంపు మాత్రమే. 1967 అక్టోబరు 31వ తేదీన సభకుఁ బోవుచున్న గిరిజనులపై లేవిడివద్ద భూస్వాముల పక్షమువారు కాల్పులు జరుపఁగా కోరన్న, మంగన్న యను నిద్దఱు మరణించిరి. నిందితులు న్యాయస్థానమున విడుదలైరి. 1968 నవంబరు నాఁటికిఁ గొండలలోనే గాక, యీ ఉద్దానపు గ్రామములలోను సాయుధపోరాటము మొదలయ్యెను. బడిపంతుళ్లు, జముకులకథ చెప్పు సుబ్బారావు పాణిగ్రాహివంటి గాయకుఁడు, చదువుకొన్న యువకులు ఆయుధములు పట్టిరి. భూస్వాములును వడ్డీవ్యాపారులును గొందఱు చంపఁబడిరి. 1969 మే 27వ తేదీన బొడ్డపాడు యువకుఁడు పంచాది కృష్ణమూర్తియు నాయన సహచరులును జలంతరకోట కొండలచెంతఁ బోలీసు కాల్పులలో మరణించిరి. పట్టుకొని చంపిరని వారి పక్షమువారు చెప్పుదురు, ఎదురుకాల్పులని ప్రభుత్వము చెప్పినది. భర్త పోయిన పిమ్మట నేడు నెలలు నిండకముందే, 1969 డిసెంబరులో, ఆయన భార్య నిర్మలయుఁ బాణిగ్రాహితోఁ బాటు కాల్పబడెను. 1970 జూలై 10వ తేదీన సత్యనారాయణయుఁ గైలాసమును గూలిరి.

వీరిని దుష్టులని వ్రాయుటకు మా కలము పోదు. వారు చూచినది నిజము. ఆ మన్యమున వెట్టి జరుగుచున్నదని పట్టణములలోని వకీళ్లకు, తాసీల్దార్లకు, సంస్కరణసభల యధ్యక్షులకుఁ దెలియదా? తెలియును. మాట చెల్లువారు మాటాడలేదు. కనుక మాట చెల్లనివారు తుపాకి పట్టిరి. ఆ మౌనమున మన తరగతికిఁ గల వాటాను ఎవరును లెక్కవేయలేదు. గిరిజనుల భూములు గిరిజనేతరుల చేతికిఁ బోకుండ 1959 నాఁటి నిబంధనలను గట్టిపఱచిన మార్పు 1970లో వచ్చినది. అంతమంది పోయిన పిమ్మట. అయినను వారిమార్గమును మేమొప్పుకొనలేము. ఏలయన వారును దాము చూచిన క్రౌర్యమునుండి యొక పేరును సంపాదించిరి: "వర్గశత్రువు". ఆ పేరు వచ్చిన పిమ్మట, అర్ధరాత్రమున వాకిట నిలువఁబెట్టఁబడిన ముసలి వడ్డీవ్యాపారియు, అతని వెనుక నేడ్చుచున్న మనుమరాలును గనఁబడుట మానిరి. మఱొక పక్షమున "ఎదురుకాల్పులు" అనుమాట వచ్చిన పిమ్మట, చేతులు కట్టఁబడిన యువకుఁడు కనఁబడుట మానెను. ఒక తెరను జింపినవారే మఱొక తెరను నేసికొనిరి. కన్ను ఒకసారి తెఱవఁబడినంతమాత్రమున నెప్పటికిని దెఱచియుండునని నమ్ముటకు వీలులేదు.

ఈ యుద్దానమున నీ నేఁత యింకను ఆగలేదు. 2010 జూలై 14వ తేదీన సోంపేట బీలలో విద్యుత్కేంద్రము వలదని నిలిచిన గ్రామస్థులపైఁ గాల్పులు జరిగి, ప్రాణములు పోయినవి. అప్పటి పేరు "అభివృద్ధి". పలాస జీడిపిక్కల పనిలో స్త్రీల వ్రేళ్లు పెంకు రసమునకుఁ గాలి నల్లనగును. ఆ పప్పును మనము పండుగనాఁడు పాయసములో వేసికొందుము. దానికిఁ బెట్టిన పేరు "కుటీర పరిశ్రమ", కొన్నిచోట్ల "ఉపాధి". ఆ మాటలు అబద్ధములని మేమనము. విజయము, సహగమనము, కన్యాదానము అనునవియు నబద్ధములు గావు. వానివలనఁ గొంత కనఁబడును, కొంత కనఁబడదు.

అంతరాత్మ యొకటి గలదనియు, పరమేశ్వరుఁ డందుండి పలుకుననియు మనము ఉపాసనామందిరములలోఁ జెప్పుదుము. మేమును నమ్ముదుము. కాని యా తోఁటలో నది మాకేమియుఁ బలుకలేదు. పలికియుండును, "దొంగ"యను మాట యంతకంటె బిగ్గరగా వినఁబడెను. అంతరాత్మ తనంత తానుగా మాటాడు ప్రవక్త గాదేమో. అడిగినఁ గాని చెప్పని సిగ్గరి యేమో. మనము ప్రతి వారమును జేయు ప్రార్థన దానిని అడుగుటకు అలవాటు చేయకపోయినచో, వారమునకొక గంట పాటపాడితిమను తృప్తి తప్ప వేఱొండు మిగులదు. ఈ మాట మిత్రులకుఁ గొందఱికిఁ గష్టముగా నుండును. మాకును గష్టముగనే యున్నది.

మూఁడేండ్ల తర్వాత మరల నా గ్రామమునకుఁ బోవలసి వచ్చినది. ఆ స్త్రీని గూర్చి విచారించి, యామె యిల్లు కనుఁగొంటిమి. ముంగిట జీడిపిక్కలు ఎండఁబోయుచుండెను. ఆ దినమును దలఁచి, ఇరువదిమందిమి మగవారము నిలిచి చూచుచుండఁగా నీకంత ధైర్యమెట్లు కలిగినదని యడిగితిమి. మా మనస్సునం దేదియో గొప్ప సమాధానము నాశించియే పోతిమి. ఆమెకు మొదట నా సంగతి గుర్తుకు రాలేదు. కొంతసేపటికి జ్ఞాపకము వచ్చి, "ఆ గుంటడా! నీల్లడిగినాడు బాబూ. సేతులు కట్టేసుంటే ఎలాగ తాగుతాడు? ఇప్పినాను" అనెను. పిమ్మట మా ముఖము వంకఁ జూచి, ఎండలో నిలిచితిమని, చూరు నీడకు రమ్మని పిలిచెను.